హైవే ఎక్కితేనే ఇంజిన్ వేడెక్కుతోంది: రేడియేటరా, హెడ్ గాస్కెటా?

మాది ములుగు. అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు హనుమకొండ తీసుకెళ్లాలి, అందుకే ఈ కారు నాకు చాలా ముఖ్యం. 2013 నాటి డీజిల్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది.

ఊళ్లో ఎంత రద్దీలో తిరిగినా ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దాటదు. మల్లంపల్లి దాటి ఏసీతో 80 వేగంలో పావుగంట నడిపితే మాత్రం ఎర్ర గీత వైపు పాకుతుంది. నిన్న ఆత్మకూరు దగ్గర ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పితే కాస్త దిగింది. ఆ ఎండలో హీటర్ గాలికి అమ్మ పడిన అవస్థ చూడలేకపోయాను.

ఫ్యాన్ తిరుగుతోంది. థర్మోస్టాట్, రేడియేటర్ మూత కొత్తవి వేయించాను. రేడియేటర్ పై గొట్టం చేయి పెట్టలేనంత వేడి, కింది గొట్టం గోరువెచ్చన. ఎక్కడా కారడం లేదు, కానీ పది రోజుల్లో కూలెంట్ అరలీటరు తగ్గింది. పాత యజమాని బోరు నీళ్లే పోసేవాడట. మూత తీస్తే లోపల తుప్పు రంగు పొర కనిపించింది.

ఒక మెకానిక్ రేడియేటర్ పూడిపోయిందంటున్నారు. ఇంకొకరు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలంటున్నారు. కానీ ఆయిల్‌లో పాల రంగు లేదు, తెల్ల పొగ కూడా రావడం లేదు. కింది గొట్టం గోరువెచ్చగానే ఉందంటే నీటి ప్రవాహమే సరిగా లేదని నాకనిపిస్తోంది. వాటర్ పంపు రెక్కలు అరిగినా ఇలాగే ఉంటుందా?

ఇంజిన్ విప్పకముందే గాస్కెట్ సంగతి తేల్చే పరీక్ష ఏదైనా వరంగల్‌లో చేస్తారా? రేడియేటర్ కడిగిస్తే సరిపోతుందా, మార్చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. శుక్రవారం మళ్లీ వెళ్లాలి.