మబ్బులో నీళ్ళు, ముంతలో నీళ్ళు: ఒక సామెతలోని లెక్క

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక సభ్యురాలు):

నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు మాధ్యమంలో అర్థశాస్త్రం చెబుతాను. సగటున ఎక్కువ వచ్చే పందేన్ని కాదని, కొంచెం తక్కువైనా ఖాయంగా చేతికి వచ్చే మొత్తాన్నే తీసుకునే మనిషిని ఏమంటారని పరీక్షలో అడిగితే, ఒక విద్యార్థి ‘పిరికివాడు’ అని రాశాడు. కొట్టివేయబోయి ఆగిపోయాను, ఎందుకంటే నా దగ్గరా అంతకంటె మంచి మాట లేదు. ‘మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్లు’ అన్న సామెతను బీమా పాఠంలో ఉదాహరణగా చెప్పవచ్చునా? పనిలో పనిగా, ‘బీమా’ అనాలో ‘భీమా’ అనాలో కూడా తేల్చండి మాస్టారూ.

జవాబు:

అమ్మా, చివరిదే సులువైనది కనుక దానితో మొదలుపెడతాను. బీమా పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట, దానికి వత్తు లేదు. పక్కనే ‘ధీమా’ ఉండటం వల్లనో, భీముడు గుర్తుకు రావడం వల్లనో చాలామంది వత్తు తగిలిస్తారు. భీమునిపట్నానికి వత్తు ఉండాలి, బీమాకు అక్కరలేదు.

సామెత విషయానికి వస్తే, దానిని మనం ‘ఉన్నది పోగొట్టుకోకు’ అన్న హెచ్చరికగా మాత్రమే చదివి వదిలేస్తున్నాము. అందులోని నామవాచకాలను ఒకసారి చూడండి. మబ్బులో నీళ్ళు ఎంతో ఎక్కువ, వాటికి హద్దు లేదు. ముంతలో నీళ్ళు రెండు మూడు గుక్కలకు మించవు. వాన కురిసే అవకాశం ఎంత తక్కువని లెక్క కట్టినా, మబ్బులోని నీటిని ఆ అవకాశంతో హెచ్చవేస్తే వచ్చే సగటు ముంతను మించిపోతుంది. కేవలం సగటునే నమ్మేవాడయితే ముంత ఒలకబోసుకోవలసినదే. అయినా సామెత అతనిని వెర్రివాడంటుంది. ఎందుకంటే ఉన్నది ముంత ఒక్కటే, గొంతు తడుపుకొనేది ఆ నీటితోనే. సామెత కట్టినవారు కడవ అనలేదు, గోలెం అనలేదు, బావి అసలే అనలేదు. నాకు తెలిసి దాని బలమంతా ఆ చిన్న పాత్రలోనే ఉంది. ఇంటి నిండా కడవలు నింపుకున్నవాడు ఒక ముంత ఒలకబోసి వాన కోసం చూస్తే ఎవరూ నవ్వరు.

మీ పాఠ్యపుస్తకాల్లో ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అని ఉండేది ఇదే. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ప్రచురణలో గణితవేత్త డేనియల్ బెర్నూలీ దీనిని గణితంగా రాశాడు. అదనంగా చేరే ప్రతి రూపాయి ఇచ్చే ప్రయోజనం, అప్పటికే చేతిలో ఉన్న మొత్తానికి విలోమ నిష్పత్తిలో తగ్గుతుందని అతని ప్రతిపాదన. పందేన్ని డబ్బు సగటుతో కాక ప్రయోజనాల సగటుతో తూచాలన్నాడు. ఆ వ్యాసంలోనే బీమా లెక్క ఒకటి ఉంది. పీటర్స్‌బర్గ్ వర్తకుడు ఒకడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు కొన్నాడు. అది క్షేమంగా చేరితే 10,000 రూబుళ్ళు వస్తాయి. ఏడాదిలో ఆ రుతువులో ఆ దారిన వచ్చే 100 ఓడల్లో 5 మునిగిపోతున్నాయి, అంటే సగటు నష్టం 500 రూబుళ్ళు. బీమా చేసేవాడు మాత్రం 800కు తగ్గనంటున్నాడు. 300 ఎక్కువ పెట్టి బీమా తీసుకోవడం తెలివయిన పనేనా?

బెర్నూలీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. సరుకు కాక నీ ఇంట్లో ఎంత ఉంది అని అడిగాడు. మిగిలిన ఆస్తి సుమారు 5,043 రూబుళ్ళకు తక్కువైతే బీమా తీసుకోవాలి, అంతకు మించి ఉంటే మానుకోవచ్చు. ఒకే ఓడ, ఒకే సముద్రం, ఒకే ధర. కానీ ముంతవాడికి ఒక జవాబు, కడవలవాడికి ఇంకొకటి. అతను అక్కడితో ఆగక, అదే 800కు ఈ ప్రమాదాన్ని తన మీద వేసుకునేవాడి దగ్గర కనీసం 14,243 రూబుళ్ళు ఉండాలని కూడా తేల్చాడు.

అయితే సామెతను పాఠంలో వాడేటప్పుడు క్రియాపదం దగ్గర జాగ్రత్త పడాలి. ‘ఒలికిపోవడం’ వేరు, ‘ఒలకబోసుకోవడం’ వేరు. మొదటిది మన ప్రమేయం లేకుండా జరిగేది. రెండవదానిలో ‘కొను’ చేరినందువల్ల, తన చేత్తో తనకే చేసుకున్నదన్న అర్థం వచ్చింది. సామెత ఒలకబోసుకునేవాడిని వెక్కిరిస్తుంది, బీమా ఒలికిపోయేవాడిని ఆదుకుంటుంది. ముంతంతా ఒలికిపోయే రోజు ఒకటి రావచ్చునని, ముందే ఒక గుక్కెడు నీళ్ళు నలుగురి ఉమ్మడి కడవలో పోసి ఉంచడం బీమా. రెండింటికీ కారణం ఒకటే, చేతలు వేరు.

ఇక ఆ మనిషికి పేరు. ‘పిరికివాడు’ చెల్లదు, ఎందుకంటే అతను చేసింది లెక్క. భయపడినా పడకపోయినా ఆ లెక్క మారదు. మన పుస్తకాలు రిస్కును ‘నష్టభయం’ అని అనువదించి ముందే భయాన్ని చొప్పించాయి. దానికి ‘విముఖత’ తగిలిస్తే భయమంటే ఇష్టం లేనివాడని అర్థం వస్తుంది, అలా చూస్తే లోకమంతా అంతే. నా ఓటు ‘నికరం’ అన్న మాటకు. ‘నికరంగా చెప్పు’ అన్నప్పుడు నిశ్చయమనీ, ‘నికర ఆదాయం’ అన్నప్పుడు పోయేవి పోగా మిగిలేదనీ రెండు అర్థాలూ అందులో ఉన్నాయి. ‘నికరం కోరేవాడు’ అంటే విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. ఆ మనిషే లాటరీ టిక్కెట్టు కూడా ఎందుకు కొంటాడన్నది వేరే చిక్కు. ఫ్రీడ్‌మన్, శావేజ్ అనే ఇద్దరు పండితులు 1948లో దాని మీదనే ఒక వ్యాసం రాశారు.

మరొక సభ్యుడు (కవిటి నుంచి):

మాస్టారూ, మీ వర్తకుడికి ఓడ మునిగితే సరుకు ఖరీదు మొత్తం వస్తుంది. మా శ్రీకాకుళం వైపు ఉద్దానంలో అలా కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. మా దగ్గర నీళ్ళతో పాటు ముంతే పగిలిపోయింది.

జవాబు:

బాబూ, మీరన్నది నిజం. బెర్నూలీ లెక్కలో అది లేదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు, వ్యవసాయ బీమా సంస్థ కలిసి తెచ్చిన కొబ్బరి చెట్ల బీమా పథకాన్నే తీసుకోండి. 16 నుంచి 60 ఏళ్ళ చెట్టుకు 14 రూపాయల ప్రీమియం, చెట్టు పోతే 1,750 రూపాయల పరిహారం. అంటే ఏటా 125 చెట్లలో ఒకటి పోతుందనుకుంటే కట్టినదీ వచ్చేదీ సరిపోతాయి. ఆ పద్నాలుగులో సగం బోర్డు, నాలుగో వంతు రాష్ట్రం భరిస్తే రైతు వాటా మూడున్నర రూపాయలు. ఆ ధరకు నికరం దొరుకుతుంటే కాదనడానికి కారణం ఉండకూడదు.

ఈ లెక్కను మీ వైపే తోట ఉన్న మా మేనమామ ముందు కాగితం మీద వేసి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, 14ను కాదు, 1,750ను వేలితో చూపి, ‘మూడున్నర కట్టడానికి నాకేమీ బాధ లేదు గాని, ఈ డబ్బుతో పడిన చెట్టును తీయించి, గొయ్యి తీయించి, మొక్క నాటించేసరికి ఏమైనా మిగుల్తాదా? అది కాపుకొచ్చేదాకా నేనేటి తినాల?’ అన్నారు. బీమా విలువను ప్రీమియం దగ్గర తూచే నాకు, దానిని పరిహారం దగ్గర తూచాలని అప్పటికి తోచలేదు. ముంత ఒలికితే గుక్కెడు మాత్రమే తిరిగి పోస్తామనే ఒప్పందానికి, గుక్కెడు ముందుగా ఇచ్చేవాడు వెనుకాడితే అది తెలియనితనం కాదు.

పైగా ఓడలు ఒక్కొక్కటిగా మునుగుతాయి, తుపాను తోటలన్నింటినీ ఒకే రాత్రి పడగొడుతుంది. నలుగురి ఉమ్మడి కడవ అన్నాను కదా, ఆ నలుగురివీ ఒకేసారి ఒలికిన రోజున ఆ కడవా చాలదు. అందుకే బీమా సంస్థలు తమ ప్రమాదంలో కొంత వేరే దేశాల పెద్ద సంస్థల మీదికి నెడతాయి. దానిని పత్రికలు ‘పునర్బీమా’ అని రాస్తున్నాయి. సంస్కృత అవ్యయానికి పారసీక పదం అతికించిన ఆ మాట వ్యాకరణానికి ఒప్పుతుందా లేదా అన్న చర్చ వేరుగా పెట్టుకుందాము.