దారెస్సలాంలో కంపెనీ పాస్‌పోర్టు పెట్టుకుంది, మన ఎంబసీ ఏం చేస్తుంది?

తాడిపత్రి బండలు:
అన్నలూ, మా బామ్మర్ది టాంజానియా దారెస్సలాంలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో చేస్తాండాడు. మూణ్ణెల్ల జీతం ఇయ్యలేదు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. ఎంబసీకి పోతే జీతం ఇప్పిస్తారా, ఇంటికి పంపిస్తారా? యాడ మొదలుపెట్టల్ల?

కడప కాగితాలు:
కామన్వెల్త్ దేశం కాబట్టి అక్కడ దాని పేరు హైకమిషన్, పని ఎంబసీదే. పాస్‌పోర్టు కంపెనీది కాదన్నా, 1967 చట్టం ప్రకారం భారత ప్రభుత్వ ఆస్తి. తిరిగి ఇవ్వమని కంపెనీని అడిగే హక్కు హైకమిషన్‌కు ఉంది. అంతేగానీ "పోయింది" అని పోలీసు కంప్లైంటు మాత్రం ఇప్పించొద్దు. అది అబద్ధపు కంప్లైంటు అవుతుంది. పైగా పోయిందని నమోదైతే ఆ పాస్‌పోర్టు రద్దవుతుంది, తర్వాత బీరువాలోంచి బయటికొచ్చినా పనికిరాదు.

"కాపాడండి" అని ఒక్క ముక్క మెసేజి పెడితే ఎవరూ ఏం చేయలేరు. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, ఫ్యాక్టరీ ఏ వీధిలో ఉంది, మేనేజరు ఫోను, నెల జీతమెంత, ఏ తేదీ నుంచి ఆగింది, ఇవన్నీ హైకమిషన్‌కు ఒకే మెయిల్లో రాయల్ల. మీరు ఇక్కడినుంచే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో (విదేశాల్లో ఉన్న మనోళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు) కూడా ఫిర్యాదు వేయొచ్చు. వచ్చిన ఫిర్యాదు నంబరు దాచిపెట్టుకోండి.

అనంతపురం లేబర్:
జీతం మాత్రం హైకమిషన్ వసూలు చేసి ఇవ్వలేదు. కంపెనీతో మాట్లాడుతుంది, వకీళ్ల పేర్లు చెబుతుంది, అంతే. జీతం తగాదా తేల్చేది అక్కడి మధ్యవర్తిత్వ కమిషన్, సీఎంఏ అంటారు. పనిలోంచి తీసేసిన కేసైతే 30 రోజులు, జీతం బాకీలాంటివైతే 60 రోజుల్లోపు ఫారం వేయల్ల. గడువు దాటితే ముందు ఆలస్యానికి కారణం చూపించి ఒప్పించుకోవల్ల. మూణ్ణెల్లు అంటున్నారు, ఇంక ఒక్క రోజు కూడా ఆగొద్దు.

తాడిపత్రి బండలు:
కాంట్రాక్టు లేదన్నా. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన కాగితమే.

కడప కాగితాలు:
నంబరు, తేదీ కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీయండి, అదీ సాక్ష్యమే. తక్కువ చదువున్నోళ్లు పనికి పోవాలంటే ముందే మన ప్రభుత్వ అనుమతి (ఈసీఆర్) కావాల్సిన 18 దేశాల్లో టాంజానియా లేదు. అందుకే పోయేటప్పుడు ఇక్కడ ఆ కాగితాన్ని ఎవరూ తనిఖీ చేయలేదు.

అన్నిటికంటే ముందు పర్మిట్ చూడండి. ఉద్యోగానికి క్లాస్ బి రెసిడెన్స్ పర్మిట్, దాంతోపాటు వర్క్ పర్మిట్ ఉండల్ల. విజిటర్ వీసా మీద పని చేస్తాంటే తప్పు ఆయన మీదికే వస్తుంది, ఆ సంగతి హైకమిషన్‌కు దాచకుండా చెప్పల్ల. పాస్‌పోర్టు రాకపోతే ఇండియాకు ఒక్కసారి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. కానీ పర్మిట్ లేకుండా ఉన్నందుకు అక్కడి ఇమిగ్రేషన్‌తో తేల్చుకోవాల్సింది ఉంటే అది తీర్చదు, తేల్చుకోకపోతే ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు. టికెట్టుకు నిజంగా గతిలేకపోతే హైకమిషన్ దగ్గరుండే సంక్షేమ నిధి నుంచి ఇవ్వమని అర్జీలోనే రాయండి.

పర్మిట్ ఫొటో ఆయన ఫోన్లో ఉందేమో ఈ రాత్రే అడగండి.