రాత్రి చెద్దరు తన్నేసే పిల్లాడికి ఏం వేసి పడుకోబెట్టాలి?

మాది నల్గొండ. బాబుకు 4 ఏళ్లు, పాపకు ఏడాదిన్నర. పాపతో ఇబ్బంది లేదు, బాధంతా బాబుతోనే. రాత్రి 9:30కి చెద్దరు కప్పితే 11 కల్లా అది కాళ్ల దగ్గర ఉంటుంది. 3, 4 గంటల మధ్య లేచి చూస్తే కాళ్లు చేతులు చల్లగా ఉంటాయి, వాడు మాత్రం హాయిగా నిద్రపోతుంటాడు. పొద్దున లేచాక ఒక గంట తుమ్ములు, ముక్కు కారడం. ఎండెక్కాక ఏమీ ఉండదు. జ్వరం, దగ్గు లేవు. డాక్టర్‌కు చూపించాం, ఛాతీ బాగానే ఉందన్నారు.

స్వెటర్ వేసి పడుకోబెడితే వీపంతా చెమట పట్టి ఏడుస్తూ లేచాడు. చెద్దరు అంచులు పరుపు కిందికి దోపితే పది నిమిషాల్లో లాగేశాడు. మా అత్తమ్మ పాత గొంగడి తీసింది. వెచ్చదనానికి దాన్ని మించింది లేదు గానీ, గుచ్చుకుంటుందని దగ్గరికే రానివ్వడు. సాక్సులైతే రోజూ పొద్దున వెతుక్కోవాల్సిందే. హీటర్ పెడదామంటే పాప వెళ్లి ముట్టుకుంటుందేమోనని భయం. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రమాదం, ఆ మాటే వద్దన్నాను.

సంక్రాంతి దాకా ఈ చలి తప్పదు. చెద్దరు లేకపోయినా, చెమట పట్టకుండా తెల్లారేదాకా వెచ్చగా ఉండేలా మీ పిల్లలకు ఏం బట్టలు వేస్తున్నారు?