ఎంత మెచ్చుకున్నా "నాకేం రాదు" అంటోంది మా అమ్మాయి

బొమ్మలమ్మ అడిగిన ప్రశ్న:

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మొన్నమొన్నటిదాకా ఇంట్లో ఒక్క గోడ మిగలనిచ్చేది కాదు, అంత బొమ్మల పిచ్చి. ఇప్పుడు ఒక గీత గీయడం, వెంటనే రబ్బరు తీసుకుని కాగితం చిరిగేదాకా రుద్దడం. "బాగుంది కదమ్మా" అంటే "నాకేం రాదు, నువ్వు ఊరికే అంటావు" అని ముఖం తిప్పుకుంటోంది. నేనూ మా ఆయనా మెచ్చుకోవడంలో ఏ లోటూ చేయడం లేదు. "అద్భుతం, నీ అంత బాగా ఎవరూ వేయలేరు" అని ప్రతి బొమ్మకీ అంటూనే ఉన్నాం. ఎంత అంటే అంత ముడుచుకుపోతోంది.

ఇంకో సంగతి. క్లాసులో తనకు ప్రాణం అనుకున్న స్నేహితురాలు కొత్తగా వచ్చిన అమ్మాయితో తిరుగుతోందట. స్కెచ్‌పెన్నులు ఇస్తేనే ఆటలో చేర్చుకుంటాం అన్నారట. డబ్బా తీసి చూస్తే నీలం, ఎరుపు లేవు. అడిగితే "నేనే ఇచ్చేశా" అంది. ఈ రెండూ ఒకటేనా, వేరువేరా? నాకైతే టెన్షన్‌గా ఉంది.

ఇద్దరు పిల్లల నాన్న:

పిల్లల గొడవలండీ ఇవి. ఇవాళ కటీఫ్, రేపు మళ్లీ భుజాల మీద చేతులు. కొత్త డబ్బా కొనిచ్చి వదిలేయండి.

పిల్లల కౌన్సెలర్:

గొడవలు మామూలే, పై ఆయన మాట నిజం. కానీ కొత్త డబ్బా కొంటే అదీ వాళ్లకే పోతుంది.

ముందు పొగడ్త సంగతి. అయిదేళ్ల పిల్లను అడిగితే లోకంలో అందరికంటే వేగంగా పరిగెత్తేది తనేనంటుంది, నమ్ముతుంది కూడా. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాళ్ల కాగితం చూసి పోల్చుకోవడం మొదలవుతుంది. మీ అమ్మాయికి తన బొమ్మ ఎలా ఉందో తెలుసు. "నీ అంత ఎవరూ" అన్నారంటే అమ్మ మాట నమ్మకూడదని నేర్చుకుంటుంది, అంతే.

దీనిమీద 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 240 మంది పిల్లలతో వాన్ గో వేసిన అడవి గులాబీల బొమ్మ చూసి వేయించారు. కొందరికి "అందంగా వేశావు" అని, కొందరికి "నమ్మలేనంత అందంగా వేశావు" అని చెప్పారు, కొందరికి ఏమీ చెప్పలేదు. తర్వాత ఏ బొమ్మ వేస్తావో నువ్వే ఎంచుకో అన్నారు. తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలు ఆ పెద్ద పొగడ్త విన్నాక తేలికవాటినే ఎంచుకున్నారు. మళ్లీ అంత బాగా రాకపోతే పరువు పోతుందన్న భయం కావచ్చు. మీ ఇంటి రబ్బరు కూడా అదే పని చేస్తోందని నా అనుమానం.

కాబట్టి తీర్పు ఇవ్వకండి, మీ కంటికి కనబడింది చెప్పండి. "గుర్రం ముందుకాళ్లు వంచావే, పరిగెడుతున్నట్టుంది." చాలు. "నాకేం రాదు" అన్నప్పుడు వాదనకు దిగొద్దు. "ఎక్కడ అనుకున్నట్టు రాలేదు?" అనండి. మెడ చూపిస్తుంది. రానిది మెడ మాత్రమేనని అప్పుడు తనకే తెలుస్తుంది.

స్కెచ్‌పెన్నుల విషయంలో తిట్టకుండా ఒక్కటే అడగండి: "నీకు ఇవ్వాలనిపించి ఇచ్చావా, ఇవ్వకపోతే రానివ్వరని ఇచ్చావా?" రెండోదైతే "పెన్నులు ఇవ్వను, ఆటకు మాత్రం వస్తా" అనే ముక్క ఇంట్లోనే సాధన చేయించండి. మీరు ఆ అమ్మాయి వేషం వేయండి, మొహమాటపడకుండా బాగా విసుక్కోండి. మెత్తగా ఆడితే బళ్లో పనికిరాదు.

రిటైరైన టీచరమ్మ:

చూడమ్మా, ముగ్గురాడపిల్లల జట్టులో ఎప్పుడూ ఒకరు బయటే ఉంటారు. క్లాస్ టీచర్‌తో నెమ్మదిగా మాట్లాడు. నేనైతే అలాంటి పిల్లకు ఇంకో నెమ్మదస్తురాలితో కలిపి గోడపత్రిక పని అప్పజెప్పేదాన్ని. స్నేహం చేసుకోండి అని ఉపన్యాసం చెబితే పిల్లలు నవ్వుతారు, కలిసి కత్తిరించి అతికించమంటే వాళ్లే కలిసిపోతారు.

ఇంకోటి, అన్నీ అమ్మే చేయాలని లేదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ, తోటి పరిశోధకులు దశాబ్దాలపాటు గమనించారు. కష్టాల మధ్య పెరిగినా నిలదొక్కుకున్న పిల్లల్లో చాలామందికి తమను పట్టించుకునే పెద్దమనిషి ఒకరైనా ఉన్నారని తేలింది. అమ్మమ్మో, పిన్నో, టీచరో. మీ పాపకు అలాంటివాళ్లు ఎవరో చూడు.

బొమ్మలమ్మ:

అడిగానండీ. "రానివ్వరని" అంది, కాసేపు ఏడ్చింది. తర్వాత వేషం కడితే "ఆ అమ్మాయి ఇంత మంచిగా మాట్లాడదు" అని నాకే డైలాగులు నేర్పింది! వాళ్లమ్మ నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేయనా?

పిల్లల కౌన్సెలర్:

ఇప్పుడే వద్దు. మీరు ఫోన్ చేశారని రేపు క్లాసంతా తెలిస్తే మీ పాపకు ఇంకా చిన్నతనం. ముందు టీచర్‌తో మాట్లాడండి. కొట్టడం, బెదిరించడం లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా బడివాళ్లకు చెప్పండి. నిద్ర, తిండి తగ్గినా, రోజూ పొద్దున కడుపునొప్పి అని బడి ఎగ్గొడుతున్నా, ఇష్టమైనవన్నీ మానేసినా రెండు వారాలు చూసి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "నేను లేకపోతేనే మంచిది" లాంటి మాట వస్తే ఆ రోజే వెళ్లండి.

అన్నట్టు, ఆ నీలం, ఎరుపు పెన్నులు మీరు వెళ్లి అడగకండి. వెనక్కి అడగాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి.