ఆల్బనీ సైకాడ్: నర్సరీ మొక్కలు అమ్మితే దొంగతనాలు ఆగుతాయా?

విత్తనం:
సైకాడ్లంటే చూడ్డానికి ఈతచెట్టులా ఉండే, పూలు పూయని ప్రాచీన మొక్కలు. వాటిలో దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో మాత్రమే పెరిగే ఆల్బనీ సైకాడ్ అడవిలో వందకు లోపే మిగిలింది. అడవి సైకాడ్ల అమ్మకాన్ని అక్కడి ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. అయినా 2014లో కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బోష్ బొటానికల్ గార్డెన్ నుంచి 24 సైకాడ్లు ఎత్తుకుపోయారు, వాటిలో 22 ఇవే! నిషేధం వల్ల రేటు పెరగడం తప్ప ఒరిగిందేమిటి? నర్సరీల్లో విరివిగా పెంచి చవగ్గా అమ్మితే అడవి జోలికి ఎవరూ పోరు.

కొండగాలి:
విత్తనం గారూ, పూలమొక్కలకైతే మీ మాట ఒప్పుకుంటాను. సైకాడ్ కొనేవాళ్ళలో చాలామందికి కావలసింది వయసు. లావుపాటి మొద్దు తయారవడానికి దశాబ్దాలు పడుతుంది, అంతకాలం ఆగే ఓపిక వాళ్ళకు లేదు. పైగా నర్సరీ బిల్లు చూపించి అడవి మొక్కను అమ్మడం తేలిక. గుర్తింపు కోసం కాండంలో మైక్రోచిప్ పెట్టినా ఎక్స్-రేతో కనిపెట్టి తవ్వి తీసేస్తున్నారు.

పుప్పొడి:
మీరిద్దరూ దొంగల దగ్గరే ఆగిపోయారు. ఈ జాతిలో ఆడ, మగ చెట్లు వేరు. మిగిలినవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయంటే, పుప్పొడి మోసే పురుగులు లేక అడవిలో గింజ కట్టడమే ఆగిపోయింది. ఒక్క దొంగా రాకపోయినా ఈ జాతి అంతరిస్తుంది. అందుకే చేత్తో పరాగసంపర్కం చేస్తున్నారు. సైకాడ్లకు పువ్వుల బదులు పొలుసుల శంకువులు వస్తాయి. మగ శంకువు నుంచి పుప్పొడి దులిపి దాచి, ఆడ శంకువు పొలుసులు కాస్త విడివడిన ఆ కొద్ది రోజుల్లోనే సందుల్లోకి ఊదాలి. అదను తప్పితే మళ్ళీ శంకువు వేసేదాకా ఎదురుచూపే. దీని బంధువు ఎన్సెఫలార్టస్ వుడీ గతి చూడండి. 1895లో దక్షిణాఫ్రికాలోనే ఓంగోయే అడవిలో ఒక్క మగ గుబురు దొరికింది, ఆడ చెట్టు నేటికీ దొరకలేదు. ఇప్పుడు తోటల్లో ఉన్నవన్నీ దాని పిలకలే.

విత్తనం:
నేనూ అదే అంటున్నాను పుప్పొడి గారూ! చేత్తో గింజ కట్టించడానికి డబ్బు కావాలిగా? పిల్లమొక్కల అమ్మకంతోనే అది రావాలి.

కొండగాలి:
పిల్లమొక్కల వరకు అమ్మనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. పెద్ద మొద్దులకు మాత్రం కాగితం చాలదు. చెట్టు ఎక్కడ పెరిగిందో కాండంలోని పాత కణజాలపు ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పట్టిస్తాయి. అమ్మేవాడు ముందు ఆ పరీక్ష చేయించాలి, ఖర్చు కూడా వాడే పెట్టుకోవాలి.