ఆరు నెలల సావాసం: భాష ‘నేర్చుకున్నాడా’, ‘ఒంటబట్టిందా’?

అర్ధరాత్రి డెస్కు:

అందరికీ నమస్కారం. చిన్న సందేహమే, కానీ నిన్న రాత్రి అరగంట తినేసింది. నేను ఒక పత్రికలో క్రీడల పేజీకి అనువాదాలు చేస్తుంటాను. రొమేలు లుకాకు మీద ఒక కథనం వచ్చింది. బెల్జియం ఫుట్‌బాలర్, చాలా భాషలు మాట్లాడతాడు. కుర్రతనంలో అండర్‌లెక్ట్ క్లబ్బుకి ఆడేటప్పుడు బ్రెజిల్ ఆటగాళ్ల మధ్య తిరిగి పోర్చుగీసు ‘పికప్’ చేశాడని అందులో ఉంది. ఈ పికప్‌ని తెలుగులో ఏమనాలి?

నేను ‘నేర్చుకున్నాడు’ అని రాశాను. తప్పు కాదు. కానీ ఆ మాట వినగానే పలక, పంతులు, హోంవర్కు కళ్లముందుకు వస్తాయి. బూట్లు విప్పుకుంటూ, జోకులకి నవ్వుతూ పట్టిన భాష కదా ఇది. పక్క సీటు మిత్రుడు ‘ఏరుకున్నాడు’ అన్నాడు. చెట్టు కింద చింతకాయలు గుర్తొచ్చాయి. కొత్తగా చేరిన కుర్రాడైతే ‘పోర్చుగీసును ఎత్తుకున్నాడు’ అని రాసేశాడు. అది చంకలో బిడ్డ. పేజీ వెళ్లాల్సిన టైమ్ అయిపోయి ‘నేర్చుకున్నాడు’ దగ్గరే వదిలేశాం. ఆదివారం పెద్ద కథనం ఉంది. అప్పటికైనా సరైన మాట దొరుకుతుందేమోనని ఇక్కడ అడుగుతున్నాను.

రైల్వే క్వార్టర్స్:

మాట లేక కాదండీ, ఎక్కువై వచ్చిన చిక్కు ఇది. ముందు మనం మామూలుగా ఎలా అంటామో చూడండి. ‘నాకు బెంగాలీ వచ్చు.’ నేను కాదు, నాకు. వచ్చేది భాష. మనం ఉన్నచోటే కూర్చుంటాం, అది నడిచి వస్తుంది. రాకపోతే ‘రాదు’ అంటాం, తప్పంతా దానిదే అన్నట్టు. ‘నేర్చుకొను’ దగ్గర మాత్రం మనం కర్తలం. ఆ ‘కొను’ వల్ల పని మనది, ఫలితమూ మనదే. మీ లుకాకు విషయంలో మీకు ఇబ్బంది అనిపించింది సరిగ్గా ఇక్కడే.

ఆయన ఒక్కడి భాషలకే నాలుగు క్రియలు కావాలి. పుట్టింది ఆంట్‌వెర్ప్‌లో, అమ్మానాన్నలది కాంగో. ఇంట్లో విన్న లింగాలా, ఫ్రెంచ్ ‘అబ్బినవి’. విద్య అబ్బింది, తండ్రి గొంతు అబ్బింది అంటామే, అదే. అయితే ‘రెండు భాషలు అబ్బాయి’ అని మాత్రం రాయకండి, మీ డెస్కులో మగపిల్లాడనుకుంటారు. ఊరిది, బడిది డచ్. దాన్ని ‘వచ్చింది’ అంటే చాలు. ఇక బ్రెజిల్ వాళ్ల మధ్య తిరిగితే దొరికిన పోర్చుగీసుకి నా ఓటు ‘ఒంటబట్టింది’. తిన్న అన్నం ఒంటబడుతుంది. తినేవాడు దానికోసం ప్రత్యేకంగా ఏమీ చేయడు. రోజూ పంక్తిలో కూర్చోవాలి, అంతే.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నాన్నగారికి రైల్వే ఉద్యోగం. ఖరగ్‌పూర్‌లో పెరిగాను. అక్కడ తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు, కాబట్టి ఇంట్లో, వీధిలో తెలుగుతో గడిచిపోయేది. బెంగాలీ నాకు పుస్తకంలోంచి రాలేదు, ఫుట్‌బాల్ గ్రౌండులోంచి వచ్చింది. మొదటి వారంలో పట్టుబడినవి మూడే ముక్కలు. ‘ఎదికే దే’ అంటే ఇటియ్యి. ‘ఛాడ్’ అంటే వదిలెయ్. ‘మార్’ అంటే తెలిసిందే. ఈ మూడింటితో ఒక ఎండాకాలం మొత్తం ఆడాను.

ఒకరోజు ఆట మధ్యలో దాహమేసి స్నేహితుడి ఇంట్లోకి పరిగెత్తాను. వాళ్ల నాయనమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. దర్జాగా ‘ఠాకుమా, జొల్ దే’ అన్నాను. నీళ్లివ్వమని అడిగాననే అనుకున్నాను. వెనక నుంచి మావాడు నా వీపు మీద ఒక్కటిచ్చాడు. సంగతేంటంటే, ‘దే’ అనేది ‘ఏరా’ అనుకునే వాళ్ల మధ్య మాట. చనువున్న పెద్దలతో ‘దావ్’, గౌరవంగా అయితే ‘దిన్’. నేను ఆవిడతో ‘ఏయ్, నీళ్లియ్యవే’ అన్నానన్నమాట. ఆవిడ మాత్రం పడీపడీ నవ్వి, చెంబు చేతికిచ్చే ముందు ‘దావ్ బొల్’ అని నాతో అనిపించింది. గ్రౌండులో నాకు దొరికిన బెంగాలీలో పెద్దవాళ్లే లేరు. మరి ‘మీరు’ ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే మన సామెతని నేను కొంచెం జాగ్రత్తగా వాడతాను. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’. సావాసం అంటే సహవాసం, కలిసి ఉండటం. వాళ్ల మాటే కాదు, ఆ మాటలోని చనువు, బూతు, ఎకసెక్కం అన్నీ కలిపే వస్తాయి. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ యాన్ మోల్బీ. డెన్మార్క్‌లో పుట్టాడు. 1984 నుంచి పన్నెండేళ్లు లివర్‌పూల్‌కి ఆడాడు. ఆయన ఇంగ్లిష్ వింటే డెన్మార్క్ మనిషి అనుకోరు. అచ్చంగా లివర్‌పూల్ రేవు వీధుల యాస. పుస్తకాలతో నేర్చుకుంటే ఆ యాస రాదు, ఏ పుస్తకమూ దాన్ని నేర్పదు.

మనవైపు నుంచి అంటే తులసీదాస్ బలరాం గారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. 1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు, తర్వాత బీఎన్ఆర్, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టు. ఆట అయిపోయాక కూడా వెనక్కి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలోనే ఉండిపోయారు. 2023లో పోయినప్పుడు బెంగాల్ వాళ్లు తమ మనిషి పోయినట్టే బాధపడ్డారు. బీఎన్ఆర్ పేరెత్తితే మా నాన్న ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు.

పప్పుచారు:

అన్నయ్యా, ఠాకుమా కథ బాగుంది. కానీ సామెత మీద నాకో పేచీ. మెస్సీని ఏం చేస్తారు?

పదమూడేళ్లకి, 2000లో బార్సిలోనా వెళ్లాడు. ఆరు నెలలు కాదు, ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. చుట్టూ కటలాన్, స్పెయిన్ స్పానిష్. 2022 డిసెంబర్‌లో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్‌ని ఓడించాక, మైక్ ముందు ఇంటర్వ్యూ ఇస్తూ మధ్యలో పక్కకి తిరిగి ప్రత్యర్థి ఆటగాడు వెఘోర్స్ట్‌ని గదమాయించాడు గుర్తుందా? ‘కే మిరాస్, బోబో? అందా పషా, బోబో.’ ఏంట్రా చూస్తున్నావ్, ఎర్రిమొహమా, అటు పో, అని. వారం తిరక్కుండా కప్పుల మీదా టీషర్టుల మీదా అచ్చయిపోయింది ఆ మాట.

ఇక్కడ వినాల్సింది తిట్టు కాదు. ‘మిరాస్’లో ఊనిక ‘రా’ మీద పడింది. స్పెయిన్‌లో అయితే ‘మి’ మీద పడుతుంది. అర్జెంటీనాలో ‘నువ్వు’కి వేరే మాట, దానికి వేరే క్రియారూపం. అది మెస్సీ పుట్టిన రోసారియో వీధి మాట, వాళ్ల అమ్మ మాట. స్పెయిన్‌లో ‘ఆయా’ లాగా పలికేది కూడా ఆయన నోట్లో ‘షా’ అయింది. ఇరవై ఏళ్ల సావాసం ఆ ఒక్క అక్షరాన్ని కదిలించలేకపోయింది.

తెనాలి రామకృష్ణుడి కథే ఇది. అన్ని భాషలూ సొంత భాషలా మాట్లాడే పండితుడొచ్చి నా మాతృభాషేదో చెప్పండి అని సభకి సవాలు విసిరితే, రామకృష్ణుడు నిద్రలో ఉన్న మనిషిని ఉలిక్కిపడేలా చేసి తేల్చేశాడంటారు. మెస్సీని పట్టించడానికి నిద్ర కూడా అక్కర్లేదు, కోపం చాలు. నాకైతే ఒంటబట్టడం వేరు, అబ్బడం వేరు అనడానికి ఇదే సాక్ష్యం. ఒంటబట్టిన కండ తిండి మానేస్తే తగ్గుతుంది, అబ్బిన పోలిక పోదు.

ఇంకోటి. యాస విషయంలో ‘అంటుకుంది’ అనే మాట వదిలేశారు. స్టీవ్ మెక్లారెన్ అని ఇంగ్లాండ్ కోచ్. 2008లో నెదర్లాండ్స్‌లో ట్వెంటే క్లబ్బుకి వెళ్లిన కొద్ది వారాలకే అక్కడి టీవీలో ఇంగ్లిష్‌ని డచ్చివాడిలా మాట్లాడి స్వదేశంలో నవ్వులపాలయ్యాడు. డచ్ వచ్చింది లేదు, డచ్ యాస మాత్రం ముందే దిగిపోయింది! అమెరికా వెళ్లి మూడు నెలలకి వచ్చినవాళ్లని మనం ఆటపట్టిస్తాం గానీ, అదంతా డాబు కాదనుకుంటా. ఎదుటివాడికి అర్థం కావాలని వాడి పలుకులోకి వంగిపోతాం. మా అత్తగారు ఆటో అతనితో హిందీ కలిపిన తెలుగు మాట్లాడినట్టు.

అన్నట్టు ‘ఒంటబట్టు’నా, ‘వంటబట్టు’నా? మా స్కూల్లో పిల్లలు వంటింటి వంట అనుకుంటున్నారు.

రైల్వే క్వార్టర్స్:

ఒంటికి పట్టడం, చెల్లెమ్మా. ఒళ్లు, ఒంటి, ఒంట. వాడుకలో ‘వంటబట్టు’ అని కూడా రాస్తారు, కానీ వంటకీ దానికీ చుట్టరికం లేదు. మెస్సీ దగ్గర ఒప్పుకుంటున్నాను. ఒక్క మాట: బార్సిలోనాకి ఆయన ఒంటరిగా వెళ్లలేదు, నాన్న వెంటే ఉన్నాడు. గడప లోపల రోసారియో, గడప బయట బార్సిలోనా. సావాసం రెండు చోట్లా ఉంది, ఇంట్లోది గెలిచింది.

గోలీ:

కాలేజీ రోజుల్లో గోల్‌కీపర్‌ని, ఆ హక్కుతో చెబుతున్నాను. అందరూ సావాసం, సావాసం అంటుంటే ‘నేర్చుకోవడం’ పరువు పోయేలా ఉంది. పీటర్ చెక్‌ని చూడండి. చెక్ దేశం గోల్‌కీపర్. ఇంగ్లాండ్ క్లబ్బు ఆర్సెనల్‌లో ముందున్న డిఫెండర్లతో ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడేవాడు. కోషెల్నీతో ఫ్రెంచ్, మెర్టెసాకర్‌తో జర్మన్, మోన్రియాల్‌తో స్పానిష్. బంతి గాల్లో ఉన్నప్పుడు ‘నాది’ అనాలా ‘నీది’ అనాలా తేల్చడానికి క్షణం కూడా ఉండదు. ఆ క్షణంలో ఎదుటివాడు బుర్రలో అనువాదం చేసుకుంటూ కూర్చుంటే గోల్ పడిపోతుంది. సొంత భాష అయితే చెవిన పడగానే కాలు కదులుతుంది. ఇది అబ్బిందీ కాదు, అంటుకుందీ కాదు. పనికోసం పట్టుబట్టి నేర్చుకోవడం. పట్టుబడితేనే పట్టుబడుతుంది.

బెల్జియం జట్టులో ఇంకో తమాషా. రొబెర్తో మార్తినెజ్ కోచ్‌గా ఉన్నప్పుడు జట్టుతో ఇంగ్లిష్‌లో మాట్లాడేవాడు. సగం మందిది డచ్, సగం మందిది ఫ్రెంచ్. ఏది ఎంచుకున్నా రెండోవాళ్లకి కోపం. అందుకని ఎవరిదీ కాని భాష.

అర్ధరాత్రి డెస్కు గారూ, అనువాదకులని చిన్నచూపు చూడొద్దని మీ ఆఫీసులో చెప్పండి. మూరిన్యో ఇంగ్లిష్ కోచ్ బాబీ రాబ్సన్‌కి దుబాసీగా మొదలై తనే అంత పెద్ద కోచ్ అయ్యాడు. బార్సిలోనా అభిమానులు ఇప్పటికీ ఆయన్ని దెప్పాలంటే ‘త్రదుక్తోర్’ అంటారు, అనువాదకుడు అని. అది తిట్టు ఎలా అయిందో నాకర్థం కాదు.

అర్ధరాత్రి డెస్కు:

అడిగింది ఒక మాట, దొరికింది బస్తాడు. ఆదివారం కథనంలో హెన్రిఖ్ మఖితర్యాన్ కూడా ఉన్నాడు. మీ మాటలన్నీ ఆయన మీద ప్రయోగించి చూశాను. ఆర్మేనియా మనిషి. నాన్న హామ్లెట్ కూడా ఫుట్‌బాలరే, ఫ్రాన్స్‌లో వాలెన్స్ క్లబ్బుకి ఆడేవాడు, అందుకని చంటితనం అక్కడే గడిచింది. ఆయనకి ఏడేళ్లప్పుడు నాన్న పోయాడు. ఫ్రెంచ్ మాత్రం ఉండిపోయింది. ఇది ‘అబ్బింది’ అని రాశాను, ఎవరూ కాదనలేదు. కుర్రతనంలో శిక్షణ కోసం కొన్ని నెలలు బ్రెజిల్‌లోని సావో పాలోలో ఉన్నాడు. అక్కడి పోర్చుగీసు తర్వాత ఉక్రెయిన్‌లో షక్తార్ దొనెత్స్క్‌లో పనికొచ్చింది, ఆ జట్టు నిండా బ్రెజిల్ వాళ్లే కదా. ఇది ‘ఒంటబట్టింది’. డోర్ట్‌మండ్ జర్మన్, మాంచెస్టర్ ఇంగ్లిష్, రోమా ఇటాలియన్ మూడింటినీ కలిపి ‘పట్టుబడ్డాయి’ అన్నాను. ‘దొంగలా?’ అని కొత్త కుర్రాడు అడిగాడు. సరే, అది ‘వచ్చాయి’ అయింది.

లుకాకు వాక్యం ‘బ్రెజిల్ ఆటగాళ్ల సావాసంతో అతనికి పోర్చుగీసు ఒంటబట్టింది’ అని పంపాను. పేజీ చూసే పెద్దాయనకి ఒంటబట్టడం నచ్చింది గానీ, వాక్యానికి ఆటగాడే కర్తగా ఉండాలట, మా దగ్గర అదొక రూలు. చివరికి అచ్చయింది ఇది: ‘లుకాకు పోర్చుగీసును ఒంటబట్టించుకున్నాడు.’

రైల్వే క్వార్టర్స్:

మొత్తానికి ఆ ‘కొను’ తగిలించి అతన్ని మళ్లీ బడికే పంపారన్నమాట.