పిల్లలతో పనిచేయాలంటే డిగ్రీలో ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటర్ బైపీసీ అయిపోయింది. చిన్నపిల్లల ఎదుగుదల గురించి చదివి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పనిచేయాలని నా కోరిక.

మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. సెలవుల్లో నేనూ సెంటర్‌కి వెళ్తుంటాను. అక్కడ ఒక నాలుగేళ్ల పాప ఎవరితోనూ మాట్లాడదు. చింతగింజలు ముందు పోస్తే మాత్రం పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క ఏరి పెడుతూ తనలో తానే ఏదో గొణుక్కుంటుంది. అది సిగ్గా, వినికిడి సమస్యా, ఇంట్లో ఏదైనా భయమా? ఎలా గుర్తించాలో నేర్చుకోవాలి. రైమ్స్ చెప్పడం వస్తే చాలదనిపిస్తోంది.

హైదరాబాద్ సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ (ఇదివరకటి హోమ్ సైన్స్) కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ చూశాను. అందులో ఆహారం, వస్త్రాలు లాంటి సబ్జెక్టులూ ఉంటాయి, పిల్లల ఎదుగుదల ఒక భాగమే. లేదా సైకాలజీతో బీఏ చేస్తూ దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా చేయొచ్చు. ఉద్యోగం వస్తుందా అని నాన్నకు ఒకటే టెన్షన్. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా గుర్తించింది కదా, అవకాశాలు పెరుగుతాయని నా నమ్మకం.

ఇవి చదివిన అక్కలు, అన్నలు దయచేసి చెప్పండి. పిల్లల మధ్య కూర్చుని పరిశీలించే పని మొదటి ఏడాది నుంచే ఉంటుందా, చివర్లోనేనా? అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్ పోస్టులకు ఏ డిగ్రీ మేలు? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ పుస్తకాలతో ఎలా నెట్టుకొచ్చారు?